ప్లాటుకు టోకెన్ ఇస్తున్నారా? ఆ డబ్బు దేనికో ముందు తేల్చుకోండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఎక్కడైనా ప్లాటు నచ్చగానే టోకెన్ చేతిలో పెట్టేస్తాం. కానీ ఆ డబ్బు దేనికి?

‘నెల రోజులు ఎవరికీ అమ్మను’ అని యజమాని ఊరికే మాటిస్తే చట్టం ముందు అది నిలబడదు. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 5 ప్రకారం, మీరు సరేననేలోపు ఆయన మనసు మార్చుకోవచ్చు. ఆ నెల ఆగడానికే విడిగా డబ్బు తీసుకుంటే మాత్రం కట్టుబడాలి. ఇదే ఆప్షన్ కాంట్రాక్టు. కొనడం మీ ఇష్టం, మీరు అడిగితే అమ్మడం ఆయన బాధ్యత. వద్దనుకుంటే ఆ డబ్బే పోతుంది.

మనం రాసుకునే బయానా అగ్రిమెంటు అలా కాదు. అందులో మీరూ కొని తీరాలి. తప్పుకుంటే బయానా పోవచ్చు, యజమాని దావా కూడా వేయొచ్చు. బ్యాంకు లోన్ ఇంకా ఖాయం కానివాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. ‘లోన్ రాకపోతే బయానా వాపస్’ అని కాగితంపై రాయించుకోండి. యజమానే మాట తప్పితే రిజిస్ట్రేషన్ చేయించమని మీరు కోర్టుకెళ్లొచ్చు. అగ్రిమెంటులో రాసుకున్న గడువు తేదీ నుంచి 3 ఏళ్లలోపు వెళ్లాలి.