గోడకు కాగితం సరే, సంప్రదాయం మాటేమిటి?

ఈ మధ్య మా హిందూపురం వైపు ఏ గృహప్రవేశానికి వెళ్ళినా హాల్లో టీవీ వెనక గోడ ఒకేలా కనిపిస్తోంది. నెమళ్ళు, కలంకారీ తీగలు, తామరపూలు, గుడి స్తంభాలు. దూరం నుంచి చూస్తే ఎవరో చేత్తో వేసినట్టే ఉంటుంది. దగ్గరికెళ్ళి తడిమితే వాల్‌పేపర్. షాపుల్లో ఈ రకానికి 'ట్రెడిషనల్' అని వేరే పుస్తకమే పెడుతున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాల్‌పేపర్ వేయించుకోవడం తప్పేమీ కాదు. అందం కోసం వేయించుకోండి, సౌకర్యం కోసం వేయించుకోండి. కానీ సంప్రదాయం కోసమని మాత్రం కొనకండి. ఎందుకంటే ఆ సంప్రదాయానికి పుట్టిల్లు మన రైలు దారిలోనే ఉంది. హిందూపురంలో ఎక్కితే పెనుకొండ దాటి ధర్మవరంలో దిగేలోపే.

వాల్‌పేపర్ ఎందుకు నచ్చుతుందో నాకు తెలుసు. రంగులు వేయించాలంటే వారం రోజులు ఇల్లంతా దుమ్ము, సామాన్లన్నీ నడింట్లో, ఆ వాసనకు చిన్నపిల్లలతో అవస్థ. కాగితమైతే ఒక్కరోజు పని. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక ఈ చుట్టుపక్కల అద్దె కాపురాలు పెరిగాయి. అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా ఓనరును అడగాలి. అలాంటిచోట ఒక్క గోడ మన ఇష్టప్రకారం ఉంటే అదో తృప్తి. పిల్లలు గీసిన పెన్సిల్ గీతలు తడిగుడ్డతో పోతే ఇంకా సంతోషం. ఇవన్నీ నిజమైన లాభాలే.

అయితే మన పాత ఇళ్ళ గోడల సంగతి వేరు. మట్టి గోడ, రాతి గోడ, పైన సున్నం, కింద జాజు పట్టె. పండగ వస్తుందంటే సున్నం నానబెట్టి ఇంటి ఆడవాళ్ళే కొట్టుకునేవాళ్ళు. సున్నం గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. ఇప్పుడు ఎక్కువగా అమ్మే వినైల్ వాల్‌పేపర్ పైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. గోడలో చెమ్మ ఉంటే దాని వెనకే ఉండిపోతుంది. మనది ఎండల సీమ కదా, చెమ్మ ఎక్కడిదంటారేమో. బాత్రూమ్‌కు ఆనుకున్న గోడ చూడండి, నీళ్ళ ట్యాంకు కింది గోడ చూడండి. కాగితం వెనక బూజు పట్టినా ముందు నెమలి నవ్వుతూనే ఉంటుంది. అంచులు లేచాక, వాసన వచ్చాక తెలుస్తుంది. అప్పుడు గోకాల్సింది, కడగాల్సింది ఎవరు? మనమే.

అందుకే ఆర్డరు ఇచ్చేముందు మూడు పనులు చేయండి.

ఒకటి, గోడను అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లపొడి అంటితే దానిమీద ఏ గమ్మూ నిలవదు. పాత సున్నం గోకించి, ప్రైమర్ వేయించాకే కాగితం మాట.

రెండు, జానెడు ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపు వేసి గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. తీసినప్పుడు లోపల తడి కనిపిస్తే ముందు ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడాలి.

మూడు, లెక్క మీరే వేసుకోండి. మన దగ్గర దొరికే మామూలు రోలు 21 అంగుళాల వెడల్పు, 33 అడుగుల పొడవు. అంటే సుమారు 57 చదరపు అడుగులు. 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గోడంటే 120 చదరపు అడుగులు కాబట్టి రెండు రోళ్ళకు కాస్త ఎక్కువ పడుతుందని అనిపిస్తుంది. కానీ కాగితాన్ని నిలువు పట్టీలుగా వేస్తారు. ఆ గోడకు ఏడు పట్టీలు కావాలి, ఒక్కో రోలుకు మూడే వస్తాయి. మూడో రోలు తప్పదు. పూల డిజైన్ పట్టీ పట్టీకీ కలవాలంటే కొంత ముక్క వృథా అవుతుంది కూడా. రోళ్ళన్నీ ఒకే బ్యాచ్ నంబరువి తీసుకోండి, లేకపోతే రంగులో తేడా వస్తుంది. మొదటి పట్టీ వేసేముందు దారానికి బరువు కట్టి వేలాడదీసి నిలువు గీత గీయమనండి. మొదటిది వంకరైతే ఏడూ వంకరే.

ఇక సంప్రదాయం సంగతికి వద్దాం. గోడకు పూలతీగల బొమ్మలు కప్పుకోవడం మనకు బయటినుంచి వచ్చిందనుకుంటాం. కొంచెం వెనక్కి వెళ్తే కథ తిరగబడుతుంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం లాంటి మన తీరపు రేవుల నుంచి చేతి అద్దకం బట్టలు ఓడలెక్కి యూరప్‌కు వెళ్ళేవి. 1663లో లండన్‌లో శామ్యూల్ పెపిస్ అనే ప్రభుత్వోద్యోగి తన భార్య గది గోడలకు కప్పడానికి ఇండియా అద్దకం బట్ట కొన్నానని డైరీలో రాసుకున్నాడు. అక్కడి ఆడవాళ్ళు మన బట్టను అంతగా ఇష్టపడ్డారు. తమ నేతపనివాళ్ళు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించింది. ఇంగ్లండూ చట్టాలు చేసింది. బట్ట ఆగింది కానీ డిజైన్ ఆగలేదు. అక్కడివాళ్ళు దాన్ని తమ బట్టలమీద, తర్వాత గోడ కాగితాలమీద అచ్చు వేసుకున్నారు. ఇప్పుడు అదే తీగ మిషన్ మీద అచ్చయి, రోలుగా చుట్టుకుని, 'ట్రెడిషనల్' అన్న పేరుతో మనింటికి తిరిగొస్తోంది. మన పిల్లకు పొరుగూరివాళ్ళు పేరు మార్చి మనకే పెళ్ళిచూపులు పెట్టినట్టుంది.

మన పక్కనే ఏముందో చూడండి. హిందూపురానికి దగ్గర్లోనే లేపాక్షి. 16వ శతాబ్దంలో అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ సీమ వ్యవహారాలు చూసిన విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరన్న కట్టించిన వీరభద్రస్వామి గుడి. అక్కడ పైకప్పుకు సున్నపు పూత వేసి, దానిమీద మట్టిరంగులతో బొమ్మలు గీశారు. కొన్నిచోట్ల పెచ్చులూడినా, రంగు వెలిసినా, దాదాపు ఐదువందల ఏళ్ళ తర్వాత కూడా ఆ ఆడవాళ్ళ చీరల గళ్ళు, కొప్పుల తీరు గుర్తుపట్టొచ్చు. లతా మంటపం స్తంభాలమీద చెక్కిన డిజైన్లు చీర అంచులుగా మగ్గం ఎక్కాయి. మన పెళ్ళిచీరల్లో ఆ గుడి ఉంది.

ధర్మవరం మండలంలోనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. మేకతోలును శుభ్రం చేసి, ఆరబెట్టి, పలుచగా వెలుగు దిగేలా తయారుచేస్తారు. గీత గీసి, చిన్న ఉలులతో నగల చోట, చీర అంచుల చోట వరసగా చిల్లులు కొట్టి రంగులు నింపుతారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలాట చూసే జనం తగ్గాక ఆ కుటుంబాలు ల్యాంపు షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నాయి. అంటే వాళ్ళ అన్నం ఇప్పుడు మన గోడలమీద ఆధారపడి ఉంది. ఆ గోడను అచ్చుకాగితంతో నింపేస్తే వాళ్ళకు మిగిలే చోటేది?

"తోలు ఇంట్లోకా?" అని కొందరు పెద్దవాళ్ళు ముఖం చిట్లిస్తారు. మృదంగానికీ తోలే కదా అత్తమ్మా, గుడిలో వాయించడం లేదా అనండి. పైగా ఆ తోలుమీద ఉండేది సీతారాములు, ఆంజనేయస్వామి. "ఖరీదు ఎక్కువ" అన్నది ఇంకో మాట. గోడంతా అక్కర్లేదు కదా. మూడు రోళ్ళు, గమ్ము, కూలీ కలిపి ఎంతవుతుందో అడిగి, ఆ డబ్బుకు ఎంత బొమ్మ వస్తుందో కూడా అడగండి. తెల్లగోడ మీద ఒక్క బొమ్మ, వెనక చిన్న బల్బు చాలు. ఎండ నేరుగా పడనిచోట, చెమ్మలేని గోడకు పెట్టుకోండి.

అదీ వీలుకాకపోతే బీరువా తెరవండి. మడతల్లో చిరిగి, కట్టుకోవడానికి పనికిరాని ధర్మవరం పట్టుచీర ఒకటి ఉండే ఉంటుంది. పాత జరీ చీరలు కొంటామని వీధిలో కేకేస్తూ వచ్చేవాళ్ళకు ఇచ్చేస్తే జరీలోని వెండికి లెక్కకట్టి నాలుగు నోట్లు ఇస్తారు. దాని బదులు కొంగు బాగున్న మేర కత్తిరించి, తెల్ల నూలుగుడ్డ మీద చిన్న కుట్లు వేసి ఫ్రేము కట్టించండి. గమ్ మాత్రం పూయొద్దు, పట్టు పాడవుతుంది. ఆ కొంగును ఏ మగ్గం మీదో ఒక మనిషి రోజుల తరబడి నేశాడు. ఏ ముహూర్తానికో ఇంట్లో ఒకరు కట్టుకున్నారు. అలాంటిది ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఇల్లు కట్టేటప్పుడు సిమెంటు, ఇనుము, వాస్తు అన్నీ మగవాళ్ళు మాట్లాడుకుంటారు. గోడమీద ఏముండాలన్నది చాలా ఇళ్ళలో మన చేతికి వస్తుంది. ఆ నిర్ణయం చిన్నదేమీ కాదు, దానివల్ల ఒక ఊళ్ళో పొయ్యి వెలగొచ్చు. కాగితం నచ్చితే ఒక గోడకు వేయించుకోండి. కానీ ఇంకో గోడమీద మూడడుగుల చోటు ఖాళీగా ఉంచి, ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని నిమ్మలకుంట వెళ్ళిరండి.