మడమలు పట్టుకునే పని నాదే

జూలై చివరికొచ్చిందంటే మా ఇంట్లో టీవీ రిమోట్ నా చేతికి రాదు. మేముండేది డాలస్‌లో. కౌబాయ్స్ జట్టు కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో క్యాంపు పెడుతుంది, మావారూ అబ్బాయీ సోఫాకి అతుక్కుపోతారు. ఏటా ఒకటే వార్త: ఫలానా ఆటగాడికి హ్యామ్‌స్ట్రింగ్ పట్టేసింది!

పోయినేడు అది మా ఇంటికే వచ్చింది. మావాడు విజయవాడలో ఆరు వారాలు అమ్మమ్మ ముద్దలు తిని, పరుగన్నది లేకుండా గడిపి, వచ్చిన మూడో రోజే స్కూలు ప్రాక్టీసులో శక్తంతా పెట్టి పరిగెత్తాడు. తొడ వెనక కండరం పట్టేసింది. జట్టులో చోటు పోతుందని రెండు రోజులు నాక్కూడా చెప్పలేదు, వెర్రినాగన్న.

"స్ట్రెచింగ్ సరిగ్గా చేసుండడు" అన్నారు మావారు. నేనొప్పుకోను. ఎన్ఎఫ్ఎల్‌లో 1989 నుంచి 1998 దాకా లెక్క తీస్తే 1,716 హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు. అందులో సగానికి పైగా సీజన్‌కి ముందు ఏడు వారాల్లోనే. కోట్లు తీసుకునేవాళ్ల కాళ్లూ అంతే మరి! క్యాంపుకి వెళ్లి ఒళ్లు సిద్ధం చేసుకుందామంటే కుదరదు. సెలవుల్లోనే వేగం మెల్లగా పెంచుకుంటూ రావాలి, కోచ్‌లు కూడా మొదటి వారమే పూర్తి వేగం అడక్కూడదు.

సాకర్ జట్లు చేసే నార్డిక్ వ్యాయామం ఒకటుంది. మోకాళ్ల మీద నిలబడితే వెనక ఒకరు మడమలు గట్టిగా పట్టుకోవాలి. నడుము వంచకుండా మెల్లగా ముందుకి వాలాలి. ఈ గాయాలు దాదాపు సగం తగ్గాయట.

ఈసారి విజయవాడలోనూ మానలేదు. నిన్న రాత్రి గిన్నెలు సింకులో వదిలేసి నేనే పట్టుకున్నా. నాలుగోసారికి బోర్లాపడకుండా దిగాడు.