ఎక్స్ కూడా మా హఖ్ఖే

"గట్టు పిల్లలకు అల్జీబ్రా ఎందుకు భాయ్? కూడికలు, తీసివేతలు వస్తే చాలదా? పొలంల బతికేటోళ్లు ఎక్స్‌, వై ఏం చేసుకుంటరు?"

విలేకరిగా నడిగడ్డలో తిరిగిన చోటల్లా ఈ సవాల్ విన్న. అడిగేటోళ్లు చదువుకున్నోళ్లే. వాళ్ల పిల్లలు మాత్రం ఆరో తరగతి నుంచే హైదరాబాద్‌ల ఐఐటీ ఫౌండేషన్ అని అల్జీబ్రా నేరుస్తుంటరు. తమ బిడ్డకు జరూరీ అయిన ఇల్మ్ పేదోని బిడ్డకు ఫుజూల్ ఎట్లయితది? దీన్ని హమ్‌దర్దీ అంటే నేనొప్పుకోను. ఇది తౌహీన్.

2011 జనాభా లెక్కల్లో ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతం కూడా లేదు. గట్టు మండలం అందులో ఇంకా అడుగున. 2023లో నీతి ఆయోగ్ దేశమంతా 500 వెనుకబడిన బ్లాకుల్ని ఏరితే అందులో గట్టు పేరుంది. ఇట్లాంటి చోట సర్కారు లక్ష్యం ఎప్పుడూ ఒక్కటే: పేరు రాయడం, సంతకం పెట్టడం. మంచిదే. కానీ దేని కింద సంతకం పెడుతున్నమో ఆ హిసాబ్ తెల్వకపోతే, ఆ సంతకం వేలిముద్ర కన్నా ఖతర్నాక్.

ఇక్కడి ముఖ్యమైన పంట సీడు పత్తి. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలవాలె, పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దాలె. క్రాసింగ్ అంటరు. దీనికి చిన్న చేతులు కావాలని ఆడపిల్లల్ని దింపిన చరిత్ర ఈ నేలది. దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు 2000ల మొదట్లోనే ఈ సంగతి రాసిన్రు. ఇప్పుడు తగ్గిందంటరు, తగ్గింది కూడా. కానీ ఇంటి చేను పేరు మీద బడికి నాగా పెట్టే బిడ్డల్ని ఎవరు లెక్కవెడ్తున్నరు? బడులు జూన్‌ల తెరుస్తరు. ఏడో తరగతి లెక్కల పుస్తకంల సామాన్య సమీకరణాలు మొదటి నెలల్లోనే వస్తయి. వానాకాలం నడుమ క్రాసింగ్ మొదలైతది. నాగా పెట్టిన బిడ్డ తిరిగొచ్చేసరికి ఎక్స్ దాటిపోయి ఉంటది. ఆ తర్వాత లెక్కల సార్ ఏం చెప్పినా ఆ బిడ్డకు అది పరాయి జుబాన్.

ఇంతకు ఆ ఎక్స్‌తోని ఏం పని? చూడండి. లెక్క కోసం నేనే అంకెలు అనుకుంటున్న. ఒక రైతు ఆర్గనైజర్ దగ్గర 1,00,000 రూపాయలు పెట్టుబడి తీసుకున్నడు. మిత్తి నూటికి నెలకు రెండు రూపాయలు, పది నెలలు. అంటే మిత్తి 20,000. మొత్తం ఖర్జ్ 1,20,000. ప్యాకెట్ ధర 400. ఖర్జ్ తీరాలంటే ఎన్ని ప్యాకెట్లు కావాలె? అది తెల్వదు కాబట్టి ఎక్స్ అందాం. 400 ఎక్స్ = 1,20,000. ఎక్స్ అంటే 300. పరీక్షల పదింటికి ఒక ప్యాకెట్ ఫెయిలయితే? చేతికొచ్చే సగటు ధర 360కి పడుతది. అప్పుడు 334 ప్యాకెట్లు పండితేనే ఖర్జ్ ముడుతది. ఇంటిల్లిపాది కష్టం ఇందుల కలపనే లేదు.

కూడిక, తీసివేత పంట అయిపోయినంక చెప్తయి, ఎంత మునిగినమో. అల్జీబ్రా సంతకానికి ముందే చెప్తది, ఎక్కడ మునుగుతమో. ఫరఖ్ అంతా ఇక్కడే ఉంది. తెలియని దానికి పేరు పెట్టి, కాయిదం మీద కూచోబెట్టి, "నువ్వెంత?" అని నిలదీసే హిమ్మత్ పేరే అల్జీబ్రా. ఆ హిమ్మత్ గట్టు బిడ్డలకొస్తే ఎవరికి నుఖ్సాన్? ఆలోచించండి.

నేను ఉర్దూ మీడియంల చదివిన, డిగ్రీ తెలుగుల చేసిన. ఉర్దూల ఈక్వేషన్‌ను మసావాత్ అంటరు. బరాబరీకి కూడా అదే మాట. తెలుగుల సమీకరణం. తక్కెడ రెండు దిక్కులా సమానంగ ఉండాలె, ఒక దిక్కు ఏం తీస్తే రెండో దిక్కు అదే తీయాలె. ఈ ఉసూల్ పిల్లలకు కష్టమా? అంగట్ల తరాజు చూసిన ఏ బిడ్డకైనా సమజయితది. కష్టమైంది ఉసూల్ కాదు, ఉసూల్ చెప్పకుండ ఎక్స్‌ను బోర్డు మీద పడేసి పోవుడు.

ఇక మనోళ్ల మాట. తొమ్మిదో సదీల బగ్దాద్‌ల అల్ ఖ్వారిజ్మీ రాసిన కితాబ్ పేరులోని "అల్ జబ్ర్" నుంచే ఈ ఇల్మ్‌కు పేరొచ్చింది. జబర్ అంటే మన వాడుకల జులుం. ఆయన అరబీల మాత్రం విరిగిన దాన్ని తిరిగి సరిచేయడం. నిజమే, ఫఖర్ పడాల్సిందే. కానీ వాట్సాప్‌ల "అల్జీబ్రా మాదే" అని పంపే భాయీ, నీ గల్లీల పదో తరగతి చదివే చెల్లెకు ఒక్క మసావాత్ వస్తదా? అవతల "అంతా మా గ్రంథాలల్లనే ఉంది" అనేటోళ్లకూ ఇదే సవాల్. 628లోనే బ్రహ్మగుప్తుడు తెలియని రాశులతో లెక్కలు కట్టిండు. ఆయన వారసులమని చెప్పుకునే మీరు గట్టు బడికి ఒక లెక్కల సార్‌ను అడిగిన్రా?

ఖ్వారిజ్మీ ఆ కితాబ్‌ల పెద్ద భాగం విరాసత్ లెక్కలకే ఇచ్చిండు. మనమూ ఒకటి చేద్దాం. తండ్రి పోయిండు. అమ్మానాన్నలు ముందే పోయిన్రు, ఖర్జ్ లేదు. బీవీ, ఒక కొడుకు, ఇద్దరు బిడ్డలు, 8 ఎకరాలు. షరీఅత్ ప్రకారం బీవీకి ఎనిమిదో వంతు, ఒక ఎకరం. మిగిలిన 7 ఎకరాలల్ల బిడ్డకు ఎక్స్, కొడుక్కు రెండు ఎక్స్. నాలుగు ఎక్స్ = 7. బిడ్డ హిస్సా 1 ఎకరం 30 గుంటలు. "ఏమన్న ఇస్తంలే" అంటే ఖైరాత్. "1 ఎకరం 30 గుంటలు" అంటే హఖ్. అంకె తెలిసిన బిడ్డ నోరు మూయించుడు అంత ఆసాన్ కాదు. బహుశా అందుకే మనలో కొందరికి ఆడపిల్లల అల్జీబ్రా అంటే ఇష్టం లేదు.

అమెరికాల మిసిసిపీ కూడా పత్తి చేన్ల ముల్కే. అక్కడ నల్లోళ్లను ఓటుకు రాకుండ ఆపనీకి చదవడం, రాయడం పరీక్షలు పెట్టిన్రు. 1960లల్ల వాళ్లను ఓటర్లుగ చేర్పించనీకి దెబ్బలు తిన్న బాబ్ మోజెస్, 1980లల్ల అల్జీబ్రా ప్రాజెక్ట్ మొదలువెట్టిండు. ఆయన దలీల్ సాఫ్: నిన్న ఓటు ఎట్లనో, ఈ జమానాల అల్జీబ్రా అట్ల. అది రాని బిడ్డ కొత్త కొలువుల దర్వాజా బయటనే నిలవడ్తడు. పత్తి చేనుకు అల్జీబ్రా దేనికని అక్కడా అడిగిన్రు. ఆయన పత్తి చేన్ల బిడ్డల కాడికే దాన్ని తీస్కపోయిండు.

నా ముతాలబా మూడు మాటలు. క్రాసింగ్ మొదలైనంక నాగాలు లెక్కగట్టి, పోయిన పాఠం దసరా తర్వాత మళ్ల మొదటినుంచి చెప్పాలె. తెలుగు, ఉర్దూ, కన్నడ, ఇంట్ల ఏ జుబాన్ ఉంటే అందుల సమజ్ చేయాలె. ఆర్గనైజర్ అగ్రిమెంట్‌ను, మిత్తి కాయిదాన్ని, విరాసత్ లెక్కను తరగతి గదిలకు తేవాలె. పుస్తకంల మామిడిపండ్లు, రైళ్లు తర్వాత చూద్దాం.

ఇగ గట్టు పిల్లలకు ఎక్స్ ఎందుకని మళ్ల ఎవరన్న అడిగితే, నేను ఉల్టా అడుగుత: వాళ్లకు అది రాకపోతే నీకేం ఫాయిదా?