లైసెన్సు జేబులో ఉంది, తియ్యమంటారా?

ఎన్నికల కోడ్ వచ్చిందంటే మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడికక్కడ చెక్‌పోస్టులు పడతాయి. మిర్చి టిక్కీలు అమ్ముకుని యార్డు నుంచి ఇంటికెళ్లే రైతైనా సరే, జేబులో యాభై వేలకు మించి ఉంటే లెక్క చెప్పాల్సిందే. 'డిక్కీ తియ్' అంటే చాలామందికి చిర్రెత్తుకొస్తుంది. మరి ఆ కారులో లైసెన్సు తుపాకీ ఉంటే?

మన చట్టం దీన్ని సూటిగానే చెప్పింది. ఆయుధంతో వెళ్తున్న ఎవరినైనా పోలీసు అధికారి లైసెన్సు అడగొచ్చని 1959 నాటి ఆయుధాల చట్టం 19వ సెక్షన్ అంటోంది. చూపించలేకపోతే పేరు, ఊరు అడుగుతారు. అవసరమనుకుంటే తుపాకీ స్వాధీనం చేసుకుంటారు. పేరు చెప్పనన్నా, తప్పుడు పేరు చెప్పారని అనుమానం వచ్చినా వారంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. జనంలోకి తీసుకెళ్లేటప్పుడు తుపాకీ పూర్తిగా ఒరలో కప్పి ఉండాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. ఎన్నికలప్పుడైతే పోలీసులు అడిగినవాళ్లు స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలి. అంటే ఇక్కడ గొడవంతా కాగితం దగ్గరే.

అమెరికాలో అలా కాదు. అక్కడ గొడవ చేతుల దగ్గర.

2016 జూలై 6న మిన్నెసోటా రాష్ట్రంలో ఫిలాండో కాస్టిల్ అనే 32 ఏళ్ల నల్లజాతి యువకుడి కారును పోలీసు ఆపాడు. వెనక బ్రేకు లైటు వెలగలేదన్నాడు. లైసెన్సు, ఇన్సూరెన్సు చూపించమన్నాడు. తన దగ్గర తుపాకీ ఉందని కాస్టిల్ మర్యాదగా ముందే చెప్పాడు. దానికి పర్మిట్ కూడా ఉంది. 'తీయొద్దు' అన్నాడు పోలీసు. 'తీయడం లేదు' అన్నాడితను. క్షణాల్లో ఏడు తూటాలు పేలాయి. కారులో అతని స్నేహితురాలు, ఆమె నాలుగేళ్ల పాప ఉన్నారు. 2017 జూన్‌లో జ్యూరీ ఆ పోలీసును నిర్దోషిగా వదిలేసింది.

ఇది మనకెందుకంటారా? మన ఊళ్ల పిల్లలు ఆ రోడ్ల మీదే కార్లు నడుపుతున్నారు కాబట్టి. ఇక్కడ పోలీసు ఆపితే వెంటనే కారు దిగి, కాగితాలు పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లడం మర్యాద. అక్కడ చెప్పకుండా దిగితే అదే ప్రమాదం. రాత్రయితే లోపలి లైటు వేసి, రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచి, సీట్లోనే కూర్చోవాలి. 'లైసెన్సు జేబులో ఉంది, తియ్యమంటారా?' అని అడిగాకే చెయ్యి కదపాలి. తుపాకీ లేనివాళ్లకూ ఇదే పద్ధతి. ఈసారి ఫోన్ చేసినప్పుడు 'అన్నం తిన్నావా' అన్న తర్వాత ఈ ముక్క కూడా చెప్పండి.

అయితే జాగ్రత్తంతా జనానిదేనా? లైసెన్సు తియ్యమన్న నోటితోనే 'చెయ్యి కదపొద్దు' అంటే ఎదుటివాడు ఏం చేయాలి? తుపాకీ ఉందని నిజం చెప్పినవాడికి తర్వాత ఏం చేయాలో నిదానంగా, అర్థమయ్యేలా చెప్పాల్సిన పని పోలీసుదే. అక్కడైనా, ఇక్కడైనా.

నిజం చెప్పడమే ప్రాణం మీదికి తెస్తే, రేపు ఎవరు చెబుతారు?