రంగు తరవాత, కడ్డీ ముందు

పాతకారు బాగుచేయించుకునేవారు మొట్టమొదట ఏం చేస్తారో గమనించారా? రంగు వేయిస్తారు. ఆ తరవాత సీట్లకు కొత్త రెక్సిను, బంపర్లకు తళతళలు. ఇరుగుపొరుగువారు వచ్చి "ఆహా!" అంటారు. స్టీరింగు చక్రానికి దిగువన గొట్టంలో దాగివున్న కడ్డీని చూసి "ఆహా!" అన్నవారు మాత్రం నాకింతవరకూ తారసపడలేదు. కాని మనం చక్రం తిప్పితే ముందు టైర్లు తిరిగేది ఆ కడ్డీ దయవల్లనే సుమండీ!

మా బావగారింట్లో వారి నాన్నగారు 1968లో కొన్న అంబాసిడరు వున్నది. మారిస్ ఆక్స్‌ఫర్డు మూడో సీరీసును ఒరవడిగా పెట్టుకుని 1957లో పుట్టి, 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఆగిపోయిన వంశం అది. మా మేనకోడలి పెళ్ళిలో వధూవరులను ఆ బండిలోనే వూరేగించాలని బావగారి ముచ్చట. రంగూ హంగూ అన్నీ అమరినాక స్టీరింగులో "ప్లే" బయటపడింది. చక్రం రెండంగుళాలు తిరిగినా టైర్లలో చలనం లేదు.

ఇటువంటప్పుడు ఒకరు చక్రాన్ని కొద్దికొద్దిగా అటూ యిటూ ఆడిస్తూంటే, మరొకరు కిందకు చేరి ఏది కదులుతున్నదో, ఏది కదలటంలేదో చూడాలి. లోపం ర్యాకులో వుండవచ్చు, టైరాడ్ల కీళ్ళలో వుండవచ్చు. బావగారి బండిలో మాత్రం కడ్డీ కొసనున్న పళ్ళు అరిగినవి. పక్కనే సన్నని పగులు.

"వెల్డింగు కొట్టేస్తాను సార్, రేపే తీసుకుపోండి" అన్నాడు మేస్త్రీ.

పెళ్ళి పదిరోజులున్నది. బావగారు ఆశగా నావంక చూశారు. నేను ససేమిరా అన్నాను. వెల్డింగు వేడికి అతుకు పక్కనున్న ఉక్కు గుణం మారి పెళుసెక్కవచ్చు. లోలోపల పగులు పెరుగుతూంటే పైకి ఏమీ తెలియదు. తెగిననాడు చక్రం చేతిలోనే వుంటుంది. బండి మాత్రం తనకు తోచిన దారిన పోతుంది. అందులో కూర్చునేది కొత్త పెళ్ళికూతురు!

ఊరేగింపు టాక్సీలో జరిగింది. బావగారు నాతో రెండురోజులు మాట్లాడలేదు.

తరవాత పగులూ అరుగుదలా లేని కాలమ్ దొరికింది. మేస్త్రీ ముందుగా బాటరీ తీగ విప్పాడు. హారను తీగ కాలమ్‌తోనే వస్తుంది మరి. ముందు టైర్లు తిన్నగా నిలిపి, చక్రం ఆకులు ఎటువైపున్నవో గుర్తుపెట్టుకున్నాడు. సుత్తి ముట్టకుండా పుల్లరుతో చక్రం లాగాడు; సుత్తిదెబ్బలకు పళ్ళూ బేరింగూ పాడవుతాయి. ఆనాటి అంబాసిడర్లకు గేరు మీట కూడా కాలమ్ మీదనే కనుక, ఆ లింకులూ విప్పాడు. పాతదానిపక్కన కొత్తది పెట్టి పొడవూ పళ్ళూ సరిచూశాకనే బిగించాడు. చక్రాన్ని ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పి, గేర్లన్నీ వేసి, ఖాళీ స్థలంలో నడకవేగంతో నడిపి చూశాడు.

ఒక్క సంగతి మాత్రం మరువరాదు. 1950ల నమూనా బండ్లలో ఆ కడ్డీ ఎక్కడా ముడవని ఈటెవంటిది. ముందునుంచి గట్టి దెబ్బ తగిలితే డ్రైవరు గుండెమీదికే వస్తుంది. అమెరికాలో 1968 జనవరి 1నుంచి ఒక నిబంధన వచ్చింది. కారు గంటకు 48 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకున్నా, కాలమ్ 127 మిల్లీమీటర్లకు మించి వెనక్కు రాకూడదు. దెబ్బకు తానే ముడుచుకుపోయే కాలమ్‌లు అక్కడ అప్పటినుంచే వాడుకలో స్థిరపడ్డాయి.

"అయితే అటువంటిదే ఒకటి తగిలించరాదా?" అంటారేమో. సరిగా ముడుచుకోవటం కడ్డీ ఒక్కదాని గుణం కాదు; దాన్ని పట్టివుంచే బిగింపుల గుణం కూడా. మరో కారుదాన్ని తెచ్చి అతికించటం ఇంజనీరు లెక్కకట్టి చేయవలసిన పని, రేపటికల్లా అయ్యేది కాదు. అందుకే బావగారి బండికి దాని నమూనా కాలమే వేయించి, వేగానికి కళ్ళెం వేశాం.

మొన్న పండక్కి వచ్చిన కూతురినీ అల్లుడినీ బావగారు స్టేషనునుంచి ఆ అంబాసిడరులోనే తీసుకువచ్చారు. దారి పొడుగునా 30 కిలోమీటర్ల వేగం దాటలేదట.

"నడిచినా ఈపాటికి వచ్చేవాళ్ళం మామయ్యగారూ!" అన్నాడట అల్లుడు.