ఎంట్రీ ఫీజు దేనికి కడుతున్నాం?

మన క్లబ్‌లో కథలు రాసేవాళ్ళలో చాలామందికి ఇప్పుడు స్క్రిప్ట్ పిచ్చి పట్టింది. మంచిదే. స్క్రిప్ట్ పూర్తవగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏ కాంటెస్ట్‌కి పంపాలి?" రెండో ప్రశ్న "డబ్బులెలా?" నాకైతే ఈ రెండూ ఒకటే ప్రశ్నలా కనిపిస్తాయి. హాస్టల్లో నెలకి రెండు వేల పాకెట్ మనీతో నెట్టుకొచ్చేవాళ్ళం ప్రైజ్ మనీ చూసి పోటీ ఎంచుకోకూడదు. మన స్క్రిప్ట్‌ని చివరికి ఎవరు చదువుతారు, ఏ భాషలో చదువుతారు, చదివాక వాళ్ళు ఏం చేయగలరు అన్నది చూసి ఎంచుకోవాలి.

ముందు లెక్క చూద్దాం. ఫిల్మ్‌ఫ్రీవే లాంటి సైట్ తెరిస్తే స్క్రీన్‌ప్లే పోటీలు కుప్పలు తెప్పలుగా కనిపిస్తాయి. ఫీజులు ఎక్కువగా డాలర్లలో ఉంటాయి. ముందే పంపితే ఒక రేటు, ఆఖరి గడువు దాకా ఆగితే ఇంకో రేటు. ఒక పోటీకి 50 డాలర్లు అనుకుందాం. డాలర్‌ని 85 రూపాయలకే లెక్కేసినా 4,250 అవుతుంది. దాని మీద బ్యాంకు వాడు ఫారిన్ కరెన్సీ ఛార్జీ వేస్తాడు. అలాంటివి మూడు కడితే 13 వేలకి దగ్గర. ల్యాప్‌టాప్‌కి ర్యామ్ కావాలని నాన్నని అడగడానికే వారం రోజులు రిహార్సల్ చేస్తాం. దీనికి ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

డీఏఏలో చెప్పిన నాప్‌సాక్ ప్రాబ్లం గుర్తుందా? సంచి చిన్నది, వస్తువులు ఎక్కువ. ఒక్కోదానికి ఒక బరువు, ఒక విలువ. బరువు మించకుండా విలువ ఎక్కువ వచ్చేలా సంచి నింపాలి. ఇక్కడ బరువంటే ఫీజు, అది సైట్‌లోనే రాసి ఉంటుంది. చిక్కంతా విలువ దగ్గరే. మనలో చాలామంది ఆ కాలమ్‌లో ప్రైజ్ మనీ రాసేస్తారు. ఇన్‌పుట్ తప్పయితే అల్గారిథం ఎంత గొప్పదైనా ఏం లాభం?

అన్నిటికన్నా పెద్ద పేరున్న పోటీనే తీసుకోండి. ఆస్కార్ అవార్డులిచ్చే అకాడమీ నడిపే నికోల్ ఫెలోషిప్. గెలిస్తే 35,000 డాలర్లు. 'ఎరిన్ బ్రోకోవిచ్' రాసిన సుసానా గ్రాంట్ ఒకప్పుడు అక్కడ గెలిచినావిడే. కాబట్టి అది ఉత్తుత్తి పోటీ కాదు. కానీ ఏటా 5 వేలకు పైగా స్క్రిప్టులు వచ్చేవి, ఫెలోషిప్‌లు మాత్రం గరిష్ఠంగా ఐదు. అంటే వెయ్యికి ఒకటి. పైగా 2025 నుంచి అకాడమీ నేరుగా ఎంట్రీలు తీసుకోవడం మానేసింది. కొన్ని యూనివర్సిటీలు, ల్యాబ్‌లు, బయటివాళ్ళకైతే ది బ్లాక్ లిస్ట్ అనే సైట్ ద్వారా వెళ్ళాలి. ఆ సైట్‌లో స్క్రిప్ట్ ఉంచడానికి నెల నెలా అద్దె, రీడర్ చేత చదివించడానికి వేరే ఫీజు.

ఇవన్నీ పక్కన పెట్టినా అసలు విషయం ఒకటి ఉంది. నికోల్‌కి స్క్రిప్ట్ ఇంగ్లిష్‌లోనే ఉండాలి. మనలో చాలామందిలాగే నేనూ ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. సీన్ వర్ణన ఇంగ్లిష్‌లో టకటకా వచ్చేస్తుంది. డైలాగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనుషులు తెలుగులోనే మాట్లాడతారు. అమ్మమ్మ విసుక్కుంటూ "నీ మొహం" అంటుంది. దాన్ని "యువర్ ఫేస్" అని రాస్తే ఆ ముసలావిడ అక్కడే చచ్చిపోతుంది. ఫీజు కోసం కథని ఇంగ్లిష్‌లోకి మారిస్తే, మనకి బాగా వచ్చిన ఒక్క పనినీ వదిలేసి, ఇంగ్లిష్‌లోనే పుట్టి పెరిగినవాళ్ళతో పోటీకి దిగినట్టు. నిజంగా ఇంగ్లిష్ మాట్లాడే మనుషుల కథే రాస్తున్నవాళ్ళు ఉంటే సంతోషంగా పంపండి. మిగతావాళ్ళకి నా సలహా, ఆ 4,250 జేబులోనే ఉంచుకోండి.

అలాగని పోటీలన్నీ దండగ అనడం లేదు. మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. 'లాపతా లేడీస్' చూసే ఉంటారు. ఆ కథ బిప్లబ్ గోస్వామిది. 'టూ బ్రైడ్స్' అనే పేరుతో సినీస్తాన్ స్క్రిప్ట్ పోటీకి పంపితే 2018లో రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం కూడా కాదు. అయితే జడ్జీల్లో ఆమిర్ ఖాన్ ఉన్నాడు. ఆయన చదివాడు, ఆయనకి నచ్చింది, కిరణ్ రావు దర్శకత్వంలో సినిమా అయింది. 2024లో మన దేశం తరఫున ఆస్కార్ ఎంట్రీగా కూడా వెళ్ళింది. ఆ పోటీ అసలు విలువ అదీ. సినిమా తీయగల మనిషి, ఆ కథ భాష తెలిసిన మనిషి చదివాడు. జడ్జీల పేర్లు చెప్పకుండా "ఇండస్ట్రీ ప్రొఫెషనల్స్" అని మాత్రమే రాసే పోటీ కనపడితే నేను ట్యాబ్ మూసేస్తాను.

ల్యాబ్‌లది ఇంకో దారి. 2013లో వచ్చిన 'ది లంచ్‌బాక్స్' స్క్రిప్ట్ ఎన్‌ఎఫ్‌డీసీ స్క్రీన్‌రైటర్స్ ల్యాబ్‌లో నలిగి వచ్చింది. ల్యాబ్‌కి ఎంపికైతే అనుభవం ఉన్నవాళ్ళు పక్కన కూర్చుని మన డ్రాఫ్ట్ మళ్ళీ రాయిస్తారు. సర్టిఫికెట్ కన్నా, లారెల్ బొమ్మ కన్నా అది ఎక్కువ రోజులు పనికొస్తుంది. లారెల్స్ అంటే గుర్తొచ్చింది. పోటీల ఫలితాలతో రైటర్లకి ర్యాంకులిచ్చే కవర్‌ఫ్లై అనే సైట్ 2025లో మూతపడింది. అక్కడ టాప్ పర్సెంటేజ్ కోసం ఫీజు మీద ఫీజు కట్టినవాళ్ళ ర్యాంకులు ఇప్పుడు ఎవరికి చూపించాలి?

"బాగానే చెప్పావు, మరి తెలుగు స్క్రిప్టులు తీసుకునే పోటీలు ఎన్ని ఉన్నాయి?" అని అడుగుతారు. తక్కువే. ఒప్పుకుంటాను. కానీ తెలుగులో కొత్తవాళ్ళు ఏ దారిన వచ్చారో చూడండి. తరుణ్ భాస్కర్ షార్ట్ ఫిల్మ్‌లు తీసి, తర్వాత 2016లో 'పెళ్ళి చూపులు' తీశాడు. మాటలకి నేషనల్ అవార్డు వచ్చింది. 'కలర్ ఫోటో' సందీప్ రాజ్, 'రన్ రాజా రన్' సుజీత్ కూడా ముందు షార్ట్ ఫిల్మ్‌లు తీసినవాళ్ళే. మన దగ్గర నిర్మాత 110 పేజీల పీడీఎఫ్ తెరవడం కన్నా పది నిమిషాల వీడియో చూడటమే సులువు. ఒక డాలర్ ఫీజుతో ఫోన్ కెమెరా ముందు నలుగురు ఫ్రెండ్స్‌ని నిలబెట్టి, రెండు రోజులు బిర్యానీ పెట్టి, ఒక అద్దె మైకు తెచ్చి షార్ట్ ఫిల్మ్ తీయొచ్చు. ఫలితం ఎలా వచ్చినా, మన డైలాగ్ మనిషి నోట్లో ఎలా పలుకుతుందో వినపడుతుంది. ఏ జడ్జీ ఫీడ్‌బ్యాకూ అంత స్పష్టంగా చెప్పదు.

డబ్బు పెట్టాల్సిన చోటు ఇంకొకటి ఉంది. ఎక్కడికైనా పంపేముందు స్క్రిప్ట్‌ని రిజిస్టర్ చేయించండి. కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు. అయితే ఐడియాకి కాపీరైట్ లేదు. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు ఆ మాట తేల్చి చెప్పింది. రక్షణ ఉండేది మనం రాసిన తీరుకే. అందుకే రెండు లైన్ల ఐడియాని గ్రూపుల్లో పంచడం కన్నా పూర్తి స్క్రిప్ట్ రాసి నమోదు చేయించడం మేలు. పోటీ నిబంధనల్లో హక్కుల గురించి ఏం రాశారో కూడా చదవండి. ఎంట్రీ పంపినంత మాత్రాన కథ మీద హక్కు వాళ్ళకి వెళ్ళేలా ఉంటే, ఫీజు లేకపోయినా అది ఖరీదైన పోటీయే.

మొత్తానికి నా లెక్క ఇది. ఏడాదికి ఐదు వేలు బడ్జెట్ అనుకుంటే మొదటి 500 రిజిస్ట్రేషన్‌కి. ఫీజు లేని పోటీలు, ల్యాబ్‌లు మన భాషకి సరిపోతే అన్నిటికీ. ఫీజు ఉన్నది ఏడాదికి ఒక్కటే, అదీ జడ్జీల పేర్లు, వెనకటి విజేతల స్క్రిప్టులు ఏమయ్యాయో చూశాక, మొదటి గడువు లోపల. ఫీజు తగ్గిస్తారా అని ఒక మెయిల్ పెట్టండి, అడిగితే పోయేదేం లేదు. మిగిలింది షార్ట్ ఫిల్మ్‌కి.

"పోటీ ఉంటేనే గడువు ఉంటుంది, గడువు ఉంటేనే రాస్తాం" అనేవాళ్ళూ ఉన్నారు. అది నిజమే, అసైన్‌మెంట్లు మనం ఎప్పుడు రాస్తామో అందరికీ తెలుసు. దానికి డాలర్లు అక్కర్లేదు. నెలకి ఒక ఆదివారం క్లబ్ రూమ్‌లో ఒకరి స్క్రిప్ట్ తలా ఒక పాత్ర తీసుకుని బయటికి చదువుదాం. తేదీ ముందే వేసేద్దాం, ఆ రోజుకి డ్రాఫ్ట్ తేనివాళ్ళే అందరికీ టీ ఇప్పించాలి. రాయడం మొదలుపెట్టినవాళ్ళు కోఆర్డినేటర్‌కి పేరివ్వండి. నా పేరు ఇప్పటికే ఇచ్చాను.