‘ధార’ ‘దార’ అయిన విధము



“ఫోటో పెద్దదైతే మెయిలు పోదు, కుదించి పారేయండి” అన్న ఉపదేశం చాలాకాలంగా వేదవాక్యమై చెలామణి అవుతున్నది. కుదించడంతో నాకు విరోధం లేదు. పేచీ అంతా ఆ ‘పారేయండి’ తోనే.

మా గురువుగారు స్వదస్తూరితో వ్రాసుకున్న వ్యాఖ్యానపు పుటలను 2009లో రాజమండ్రిలో కెమెరాతో తీశాను. విదేశంలోని శిష్యుడు అడుగగా ఒక్కొక్క చిత్రాన్నీ 800×600కు కుదించి, అదే పేరుతో సేవ్ చేసి పంపాను. దానితో అసలు చిత్రం మాయమైంది. కొన్నాళ్లకు ఆ నోటుపుస్తకం చెదల పాలైంది. ఇక మిగిలినవి ఆ చిట్టి బొమ్మలే. “గోదావరీ వర్ణనలో భార్య ప్రసక్తి ఎందుకు వచ్చింది మాస్టారూ?” అని శిష్యుడు వ్రాశాడు. గురువుగారి ‘ధార’ వాడి కంటికి ‘దార’గా కనబడింది! ముందు నవ్వు వచ్చింది, తరువాత కన్నీరు వచ్చింది.

ఇందులో వింత లేదు. 4000×3000 చిత్రంలో 1 కోటి 20 లక్షల బిందువులుంటాయి. 800×600లో ఉండేవి 4 లక్షల 80 వేలు. అనగా 25 బిందువుల చోట ఒక్కటే మిగులుతుంది. ద, ధలకు భేదం అడుగున ఉండే చిన్న గీత. కుదింపులో మొదట బలి అయ్యేది అదే. పోయిన దానిని మళ్లీ ఎంత పెద్దది చేసినా తిరిగి రాదు. జేపెగ్ చిత్రాన్ని దిద్ది సేవ్ చేసిన ప్రతిసారీ మరికొంత అరుగుతుంది కూడా.

“అయితే అన్నీ యథాతథంగా పంపమంటారా?” అని అడుగవచ్చు. అదీ మర్యాద కాదు. జీమెయిలు పరిమితి 25 ఎంబీ. పైగా జోడించిన ఫైలు ప్రయాణంలో సుమారు మూడవ వంతు పెరుగుతుంది. పెళ్లి ఫోటోలు, పుష్కరాల ఫోటోలు పొడుగు వైపు 1600 ఉంటే చూడడానికి చాలు.

కానీ కుదించవలసినది నకలును. ముందు కాపీ తీసి, వేరే పేరు పెట్టి, ఆపైన కత్తెర వేయండి. అక్షరాలున్న చిత్రమైతే అసలు కుదించకండి, డ్రైవులో ఉంచి లంకె పంపండి. వాట్సాప్‌లోనైతే ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర గోదావరి నుండి కాలువలు తీశాడు గాని, గోదావరినే కాలువగా మార్చలేదు. పొలానికి కావలసినంత నీరు పొలానికి పోయింది, నది నదిగానే ఉన్నది. మెయిలు కోసం అసలును నరికేవారు ఈ చిన్న వివేకం మరచిపోతున్నారు.

డిస్కులో చోటు చాలదంటారా? మరొకటి కొనుక్కోవచ్చు. గురువుగారి దస్తూరి ఏ అంగడిలో దొరుకుతుంది?